తాగుడు తగ్గించుకునే మనిషికి తోడుండడం ఎలా?

"మా ఆయన తగ్గిస్తా అంటుండు, నేనేం చేయాలె?" అని అడిగేవాళ్లు ఉన్నారు. "మా తమ్ముడు వారం మానుతడు, మళ్ల మొదలువెడ్తడు. ఏమన్న గోలీ ఉందా?" అని అడిగేవాళ్లు అంతకంటే ఎక్కువ. గోలీలు ఉన్నాయి, వాటి సంగతి కింద చెప్తాం. అంతకుముందు మన ఊళ్లలో ఏటా కనబడే ఒక సంగతి గుర్తు చేసుకోండి.

క్వార్టర్ పడనిదే నిద్రపోని మనిషి అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు చుక్క ముట్టడు. శబరిమల పోయివచ్చి మాల తీసిన రాత్రే వైన్స్ ముందు కనబడతాడు. భక్తి ఒక్క రాత్రిలో ఎటూ పోదు. పోయింది వేరే. తెల్లారకముందే లేపి చన్నీళ్ల స్నానానికి తీసుకుపోయే తోటి స్వాములు పోయారు. సరిగ్గా తాగే వేళకే ఉండే సాయంత్రం భజన పోయింది. కనిపెట్టుకుని ఉండే గురుస్వామి పోయాడు. ఎదురైన ప్రతివాడూ "స్వామీ" అని పిలవడం, గ్లాసు చేతికి ఇవ్వకపోవడం పోయాయి. అంటే ఆ 41 రోజులు అతన్ని మోసింది చుట్టూ ఉన్న మనుషులు. మాల లేకుండానే ఆ ఏర్పాటును ఇంటి దగ్గర చేసుకోవడం ఎలాగో చెప్పడానికే ఇది. తాగే మనిషికోసం కాదు, పక్కన ఉన్న మీకోసం రాస్తున్నాం. తాగేది ఆడమనిషైనా పద్ధతి ఇదే. కాకపోతే తోడుండేది ఆడవాళ్లే అయితే మంచిది. ఆడవాళ్లు తాగుడును దాచుకుంటారు కాబట్టి బయటపడేసరికి ఆలస్యమై ఉంటుంది.

దగ్గర ఉండాల్సినవి

- 30 ఎంఎల్ గీత ఉన్న పెగ్ కొలత. స్టీలుది స్టీలు సామాన్ల దుకాణంలో దొరుకుతుంది. లేకపోతే దగ్గు మందు సీసా మూత పనికొస్తుంది, దాని మీద ఎంఎల్ గీతలుంటాయి.
- గోడకు వేలాడే క్యాలెండర్, ఒక చిన్న నోటుబుక్కు.
- మీరు కాక మరో ముగ్గురు మనుషులు. ఎవరెవరో నాలుగో మెట్టులో చెప్తాం.
- ఫోన్‌లో ఈ నంబర్లు: 108 అంబులెన్స్, 14416 టెలీ మానస్ (మనసుకు సంబంధించిన ఏ ఇబ్బందికైనా, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు), 14446 మత్తు విముక్తి హెల్ప్‌లైన్, 181 మహిళా హెల్ప్‌లైన్, 112 పోలీసు.

1. ఒక్కసారిగా మాన్పించకండి, ముందు ప్రమాదం ఉందేమో చూడండి

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. "మగాడివైతే ఇయ్యాల్టి నుంచి బంద్ చెయ్" అని రోషం పుట్టిస్తారు, అతను నిజంగానే బంద్ చేస్తాడు, మూడో రోజు ఆసుపత్రిలో ఉంటాడు. రోజూ ఎక్కువగా తాగే శరీరం మందుకు అలవాటుపడి ఉంటుంది. అది ఒక్కసారి ఆగితే నరాలు తట్టుకోలేవు.

కింది ప్రశ్నల్లో ఒక్కదానికి "అవును" అని వచ్చినా ఇంట్లో సొంతంగా తగ్గించే పని పెట్టుకోవద్దు, డాక్టర్ దగ్గరికి పోండి:

పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయా? వణుకు ఆగడానికి పొద్దున్నే ఒక పెగ్గు వేస్తున్నాడా? ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, లేనివి కనబడ్డాయా, వినబడ్డాయా? కామెర్లు, పొట్టలో నీరు, రక్తపు వాంతి ఎప్పుడైనా అయ్యాయా? తాగేది కల్లు దుకాణంలోని మందు కల్లా?

ఆఖరిది మన తెలంగాణ జిల్లాలకు ముఖ్యం. తాటిచెట్టు నుంచి దించిన కల్లు వేరు, అల్ప్రాజోలం, డైజీపాం లాంటి మత్తు పొడులు కలిపిన కల్లు వేరు. రెండో రకం తాగేవాళ్లు నిజానికి రెండు అలవాట్లలో ఉన్నట్టు. పొడి ఏ రోజు ఎంత కలుపుతారో అమ్మేవాడికే సరిగా తెలియదు కాబట్టి సీసాలు లెక్కబెట్టి తగ్గించడం కుదరదు. ఆపితే ఫిట్స్ ఒకటి రెండు రోజుల్లోనే రావాలని లేదు, వారం దాకా, కొన్నిసార్లు ఆ తర్వాత కూడా భయం ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతబడ్డప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం వరుస కట్టింది ఈ కారణంతోనే.

మందు ఆపాక ఏ గంటలో ఏం జరుగుతుందో తెలిసుంటే మీరు బెదరరు, ఆలస్యమూ చేయరు. ఆఖరి పెగ్గు నుంచి లెక్కపెట్టండి. 6 నుంచి 24 గంటల మధ్య వణుకు, చెమట, వికారం, నిద్ర పట్టకపోవడం. 12 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య, అంటే మూడో రోజు అటూఇటూగా, మనిషి అయోమయంలో పడవచ్చు. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, ఇంట్లోవాళ్లనే గుర్తుపట్టడు, జ్వరం, గుండె దడ ఉంటాయి. ఇది ప్రాణం మీదికి వచ్చే స్థితి. గాలి సోకిందనో దేవుడు పూనాడనో అనుకుని మంత్రగాళ్ల దగ్గర తిప్పుతూ కూర్చోవద్దు, వెంటనే 108కు ఫోన్ చేయండి.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి. చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం చేయకండి. ఇనుముతో ఫిట్స్ ఆగవు, చెంచాతో పళ్లు విరుగుతాయి.

ఇంకో జాగ్రత్త. నీరసంగా ఉన్నాడని ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ ఎక్కించడం మన దగ్గర మామూలు. ఏళ్లుగా తాగే మనిషి ఒంట్లో బీ1 విటమిన్ తక్కువ ఉంటుంది. బీ1 లేకుండా గ్లూకోజ్ ఒక్కటే ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. సీసా తగిలించకముందే "రోజూ తాగే మనిషి, ముందు బీ1 సూది ఇవ్వండి" అని మీరే చెప్పండి. చెప్పడానికి మొహమాటపడకండి.

ఎక్కడికి పోవాలి? వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రికి పోయి మానసిక వైద్య విభాగం ఓపీ అడగండి. కరీంనగర్, నిజామాబాద్ ప్రభుత్వ పెద్దాసుపత్రులు, ఆదిలాబాద్ రిమ్స్ కూడా మెడికల్ కాలేజీ ఆసుపత్రులే. "పిచ్చోళ్ల డాక్టరా?" అని మనిషి మొరాయిస్తే ముందు జనరల్ డాక్టర్‌కు చూపించి, ఆయన చీటీ మీద పంపించండి. మీ ఊరి ఆశా కార్యకర్తను తోడు రమ్మంటే ఓపీ చీటీ, గదుల వెతుకులాట తేలికవుతుంది.

2. ఏడు రోజుల లెక్క రాయండి

తగ్గించే మాట ఎత్తకముందే ఒక వారం ఎంత తాగుతున్నాడో తేలాలి. "ఎక్కువేం లేదు, రెండు పెగ్గులు" అనేది లెక్క కాదు. ఒక పెగ్గు అంటే ఇంట్లో 30, దోస్తు చేతిలో 60, పర్మిట్ రూంలో అంతకంటే ఎక్కువ.

ఇక్కడ ఒక పాయింటు అంటే 10 గ్రాముల అసలు ఆల్కహాల్. విస్కీ, బ్రాందీ, రమ్ము సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. 30 ఎంఎల్ అయితే 1 పాయింటు. నైంటీ (90 ఎంఎల్) 3. క్వార్టర్ (180 ఎంఎల్) 6. 650 ఎంఎల్ బీరు 5 శాతం స్ట్రెంత్ ఉంటే రెండున్నర, 8 శాతం స్ట్రాంగ్ బీరైతే 4. "మందు మానేసిన, బీరే తాగుతున్న" అనే మనిషి రెండు స్ట్రాంగ్ బీర్లు తాగితే క్వార్టర్ కంటే ఎక్కువే అయింది. ఈ ఒక్క లెక్క చూపిస్తేనే చాలామంది ఆశ్చర్యపోతారు.

కొలిచేది అతనే కావాలి, రాసేది మీరు. కొలత మీ చేతిలోకి వస్తే అది కాపలా అవుతుంది, అతను బయట తాగి వస్తాడు. నోటుబుక్కులో నాలుగే గళ్లు: ఎంత, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరితో. మొదటి గడి కంటే చివరి రెండూ మీకు ఎక్కువ పనికొస్తాయి. వారం తర్వాత చూస్తే ఒకే అడ్డా, ఒకరిద్దరు దోస్తులు, ఒకే వేళ మళ్లీ మళ్లీ కనబడతాయి. ఆపాల్సింది అక్కడ.

3. మాట ఎత్తే వేళ చూసుకోండి

తాగి వచ్చిన రాత్రి ఏమీ మాట్లాడకండి. అన్నం పెట్టండి, పడుకోనివ్వండి. రాత్రి మాట్లాడింది అతనికి గుర్తుండదు, మీకు మాత్రం గుర్తుంటుంది. పొద్దున తలనొప్పితో ఉన్నప్పుడు కూడా వద్దు. స్నానం అయ్యాక, చాయ్ తాగేటప్పుడు, పిల్లలు దగ్గర లేనప్పుడు ఎత్తండి.

"సిగ్గు లేదా, పిల్లల మొఖం జూసన్న మానరాదు" అంటే తలదించుకుని బయటికి పోతాడు. బయట ఉన్నది వైన్సే. దానికి బదులు కంటికి కనబడ్డదొకటి చెప్పి, ఒకే ఒక్కటి అడగండి: "మొన్న తొమ్మిది గాకముందే వచ్చినవు. బిడ్డ నీ పక్కన గూసొని అన్నం తిన్నది. నాకు మంచిగనిపిచ్చింది. ఈ వారంల రెండు రోజులు అట్ల రారాదు?" అన్న అయితే తమ్ముడితో: "నువ్వు మానుమని అంటలేను తమ్మీ. ఎంత తాగుతున్నవో ఒక వారం రాద్దాం, నేను గూడ నీ తోటి కూసుంట."

ఒప్పుకోకపోతే? వాదన పెంచకండి, నాలుగు రోజులాగి మళ్లీ అడగండి. ఒంట్లో బాగాలేనప్పుడు, తాగి బండి మీద నుంచి పడ్డాక, బిడ్డ పెళ్లిచూపుల ముందు మనిషి వినే స్థితిలో ఉంటాడు. ఆ పూట జారవిడుచుకోకండి.

4. నలుగురు మనుషులు, నాలుగు పనులు

మొత్తం బరువు భార్య నెత్తిన పెట్టడం మన ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు. ఆమె కాపలా కాయాలి, బతిమాలాలి, పైసలు దాచాలి, అత్తతో మాట పడాలి. రెండు నెలలకు ఆమె అలసిపోతుంది, ఏర్పాటు కూలిపోతుంది. పని పంచండి.

ఇంటి మనిషి: లెక్క రాయడం, సాయంత్రం తిండి వేళ చూడడం. అంతే. జేబులు వెతకడం, నోరు వాసన చూడడం ఈ పనిలో లేవు.

ఫోన్ మనిషి: తాగాలనిపించినప్పుడు అతను ఫోన్ చేసేది ఈ మనిషికి. రోజూ సాయంత్రం ఆరింటికి ఈయనే ముందు ఒక ఫోన్ చేయాలి. మేనబావ, బామ్మర్ది, పాత క్లాస్‌మేట్ ఎవరైనా సరే, రెండు లక్షణాలుండాలి: ఫోన్ ఎత్తాలి, నీతులు చెప్పకూడదు. తాగి మానేసిన మనిషి దొరికితే అంతకంటే మంచిది లేదు. అతనికి అబద్ధం చెప్పలేరు, అతను అసహ్యించుకోడు.

అడ్డా మనిషి: రోజూ కలిసి తాగే సోపతిగాళ్లలో ఒకడు. చాలామంది ఇతన్ని శత్రువుగా చూసి తిట్టి పంపిస్తారు. అది నష్టం. మిగతా గుంపును ఆపగలిగేది ఇతనే. ఇంటికి పిలిచి చాయ్ పోసి ఒక్కటే అడగండి: "మీరు మీ ఇష్టం. మా ఆయనకు మాత్రం పొయ్యకుండ్రి, రమ్మని ఫోన్ జెయ్యకుండ్రి. ఎవరన్న బలవంతం జేస్తే నువ్వు అడ్డం మాట్లాడు." ఆ గౌరవం ఇచ్చాక చాలామంది మాట నిలబెట్టుకుంటారు.

పెద్దమనిషి: అతను మాట తీసెయ్యలేని మనిషి. మేనమామో, పెద్దనాయినో, పనిచేసే చోట మేస్త్రీయో, మాల వేసుకున్నప్పటి గురుస్వామో. పదిహేను రోజులకోసారి వచ్చి నోటుబుక్కు చూసి "మంచిగ తగ్గింది కొడుకా" అనడమే పని. తిట్టే అధికారం ఇవ్వకండి.

నలుగురూ ఒకసారి, అతని ఎదుటే, కూర్చుని ఎవరి పని ఏదో అనుకోండి. అతని వెనక చేసుకున్న ఏర్పాటు వారంలో బయటపడి పగ అవుతుంది.

5. కొలత తగ్గించే పద్ధతి

మొదటి మెట్టులోని ప్రశ్నలన్నిటికీ "లేదు" అని వచ్చినవాళ్లకే ఇది.

రోజుకు క్వార్టర్ తాగే మనిషైతే నాలుగు రోజులకోసారి 15 ఎంఎల్ తగ్గించండి: 180, 165, 150, 135, 120, 105, 90. ఇరవై నాలుగు రోజుల్లో సగానికి వస్తుంది. ఆ తర్వాత వారంలో ఒక పొడి రోజు (చుక్క ముట్టని రోజు), రెండు వారాలు గడిచాక వారానికి రెండు పొడి రోజులు. అవి వరుసగా ఉండాల్సిన పని లేదు. ఏ మెట్టు దగ్గరైనా వణుకు, చెమట మొదలైతే వెనక మెట్టుకు వచ్చి ఆగండి, డాక్టర్‌తో మాట్లాడండి. తొందరపడి దాటించకండి.

చిక్కెక్కడంటే, క్వార్టర్ సీసా తెరిస్తే క్వార్టర్ అయిపోయేదాకా మూత పడదు. అందుకని పర్మిట్ రూంలో కాకుండా ఇంటికి తెచ్చుకుని, ఆ పూట కొలతను గ్లాసులో పోసి, సీసాను పక్కింట్లోనో ఫోన్ మనిషి ఇంట్లోనో పెట్టాలి. "ఇంట్ల తాగుమంటరా?" అని అడుగుతారు. పిల్లల ముందు వద్దు. కానీ బయట తాగితే కొలత ఉండదు, తగ్గడమూ ఉండదు. ఆ ఇరవై నాలుగు రోజులకు ఇది తప్పదు. ఇంట్లో తాగితే గొడవయ్యే మనిషైతే ఈ దారి వదిలేసి నేరుగా డాక్టర్ సాయంతో మానడమే మేలు.

ముందు కడుపు నింపండి. సాయంత్రం ఐదున్నరకే గుడాలో, సర్వపిండో, రెండు రొట్టెలో పెడితే మొదటి గ్లాసు అరగంట వెనక్కి పోతుంది. ఖాళీ కడుపుతో బయలుదేరిన మనిషిని ఎవరూ ఆపలేరు.

6. ఆరు నుంచి తొమ్మిది దాకా

తాగాలనే తహతహ అల లాగా లేచి, మెల్లగా దిగుతుంది. చాలామందికి ఇరవై ముప్పై నిమిషాలు దాటిస్తే పట్టు సడలుతుంది. ఫోన్ మనిషి చేయాల్సింది ఆ అరగంట దాటించడం. "వద్దు, ఆగు" అనకుండా కబుర్లలో పెట్టాలి: పత్తి రేటు, కరెంటు మోటరు, క్రికెట్, ఏదైనా. వీలైతే బండి మీద వచ్చి తీసుకుపోవాలి. హన్మకొండలో ఉంటే భద్రకాళి చెరువు కట్ట మీద ఒక చక్కర్, ఊళ్లో అయితే పొలం దగ్గరికి, సింగరేణి కాలనీలో అయితే షటిల్ కోర్టుకు. దారి మాత్రం ముందే చూసుకోవాలి. వైన్స్ ముందు నుంచి పోయే దారి వద్దు.

సింగరేణి షిఫ్టు మనుషులకు ఈ వేళ మారుతుంది. షిఫ్టు దిగిన మొదటి గంటే వాళ్ల ఆరింటి వేళ. ఫోన్ కూడా అప్పుడే రావాలి.

7. పైసలు వచ్చిన రోజు

నోటుబుక్కు సరిగా రాస్తే ఒక సంగతి తేలుతుంది. ఎక్కువ తాగిన రోజులు పైసలు చేతికొచ్చిన రోజులే. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మిన రోజు, వారం కూలి ముట్టిన రోజు, జీతం పడ్డ రోజు. పత్తి బండితో అతన్ని ఒంటరిగా పంపకండి, అడ్డా మనిషి కాకుండా మిగతా ముగ్గురిలో ఒకరు వెంట పోవాలి. తక్‌పట్టీ (పత్తి అమ్మిన లెక్క చీటీ) చేతికి వచ్చాక నేరుగా ఇంటికి రావాలి, మధ్యలో "ఒక చాయ్" అనే ఆగుడు లేదు.

ఫోన్‌లో స్కాన్ చేసి కట్టే యాప్‌ను తక్కువ డబ్బులుండే వేరే ఖాతాకు కలపండి, పెద్ద ఖాతాను దాంట్లోంచి తీసేయండి. అది అతనే చేయాలి, మీరు లాక్కోవద్దు. అన్ని పైసలూ గుంజుకుంటే బెల్టు షాపులో ఉద్దెర ఖాతా మొదలవుతుంది. ఆ ఖాతా మీరు కట్టకండి. ఒకసారి కడితే షాపువాడు మళ్లీ ఉద్దెర ఇస్తాడు. మహిళా సంఘం నుంచి నలుగురు పోయి "ఈయనకు ఉద్దెర ఇస్తే మేం కట్టం" అని చెప్పి రావడం బాగా పనిచేస్తుంది.

ఇదే వరుసలో ఒక మాట. కొన్ని ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీలు తాగినవాడికి జరిమానా వేస్తాయి. అమ్మేవాడి మీద వేసిన జరిమానాతో బెల్టు షాపు మూతబడుతుంది. తాగేవాడిని నలుగురిలో నిలబెట్టి వేసిన జరిమానాతో అతను పక్క ఊరికి పోయి తాగుతాడు, రాత్రి అదే బండి మీద తిరిగొస్తాడు.

8. దావతులు, జాతరలు, చావులు

వీటిని తప్పించుకోలేం. తయారై పోవాలి.

దావత్‌కు పోయేముందు అతనూ ఫోన్ మనిషీ అనుకుని పెట్టుకోవాల్సినవి మూడు: ఏం చెప్పి తప్పించుకోవాలి, ఎవరి పక్కన కూర్చోవాలి, ఎన్నింటికి బయటపడాలి. "గోలీలు నడుస్తున్నయ్, డాక్టర్ వద్దన్నడు" అంటే మన దగ్గర రెండోసారి అడగరు. "మానేసిన" అంటే మాత్రం పందెం కట్టి మరీ పోస్తారు. చేతిలో గ్లాసు ఖాళీగా ఉండకూడదు, నిమ్మ సోడా పోసుకుని ఉంచుకోవాలి. యాటకూర వడ్డించేది మందు సిట్టింగ్ అయ్యాకే కాబట్టి ఆలస్యంగా పోయి తినేసి రావడమే మంచి ఉపాయం.

మేడారం నాలుగు రోజుల జాతర. గుడారం మగవాళ్ల గుంపులో కాకుండా పిల్లలు, ఆడవాళ్లు ఉన్న వైపు వేసుకోండి, పోయే రోజు, వచ్చే రోజు ముందే ఖాయం చేయండి. అమ్మవార్లకు మొక్కు తీరేది బెల్లంతో. మందు మొక్కు ఏదైనా ఉంటే ఆ పని ఇంట్లో వేరేవాళ్లు చూసుకోవాలి.

చావు ఇంట్లో చిక్కు వేరు. డప్పోళ్లకు, గుంత తీసినవాళ్లకు, చుట్టాలకు మందు తెచ్చి పంచే పని కలుపుగోలు మనిషికే పడుతుంది. అతనికి ఆ పని పడకుండా ముందే వేరేది అప్పగించండి. కట్టెలు, టెంటు, చుట్టాలను బస్‌స్టాండ్ నుంచి తేవడం, ఏదైనా.

9. జారిన రోజు

జారుతాడు. చాలామంది జారుతారు, అందుకని ముందే అనుకుని ఉండండి. ఆ రాత్రి గొడవ వద్దు. మరునాడు మధ్యాహ్నం ఫోన్ మనిషి వచ్చి మూడే అడగాలి: ఎక్కడ, ఎవరితో, అంతకుముందు గంటలో ఏం జరిగింది? జవాబును బట్టి ఏర్పాటులో ఒక్క మార్పు చేయండి. అదే దారిలో జారితే దారి మార్చండి, అదే మనిషితో అయితే అడ్డా మనిషితో మాట్లాడించండి. క్యాలెండర్ చింపకండి, వెనకటి పొడి రోజులు రద్దు కావు.

ప్రమాదం ఒకటుంది. మాల 41 రోజులో, నెల రోజులో పూర్తిగా ఆగిన శరీరం పాత కొలతను తట్టుకోలేదు. మాల తీసిన రాత్రి పాత లెక్కనే హాఫ్ వేస్తే స్పృహ తప్పవచ్చు. స్పృహ లేకుండా గురక పెడుతూ, పిలిస్తే పలకకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు చెప్పండి. "పడుకుంటే దిగుద్ది" అని వదిలేయకండి.

ఎక్కువగా చేసే తప్పులు

కూరలో గోలీ కలపడం. డైసల్ఫిరాం అనే మందు ఉంది. అది ఒంట్లో ఉండగా తాగితే వాంతులు, మొఖం ఎర్రబడడం, గుండె దడ, బీపీ పడిపోవడం జరుగుతాయి. మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ పరీక్షలు చేశాక వాడేది అది. తెలియకుండా చారులో కలిపితే అతను మామూలుగా తాగేస్తాడు, గుండె జబ్బు ఉంటే ప్రాణం పోవచ్చు. గోలీ ఆపిన రెండు వారాల దాకా దాని పని ఉంటుంది. "తెలియకుండా ఇవ్వొచ్చు" అని గోడల మీద రాసే పొడులు, పసరు మందులదీ ఇదే కథ. వాటిలో ఏముందో ఎవరూ చెప్పరు. తాగాలనే కోరిక తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు వేరే ఉన్నాయి, వాటిని దాచి పెట్టాల్సిన పని లేదు. డాక్టర్‌ను పేరుపెట్టి అడగండి.

నిద్ర గోలీలు మెడికల్ షాపులో కొనివ్వడం. మందు మీద వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. పైగా ఒక అలవాటు పోయి ఇంకొకటి పట్టుకుంటుంది.

ఒట్లు. బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకుంటారు. ఒట్టు తప్పిన రోజు అతను పాపం చేశాననుకుని ఇంకా తాగుతాడు, ఆ బిడ్డకు జ్వరమొస్తే నింద అతని మీద పడుతుంది. ఒట్టు కాదు, రేపటి కొలత అడగండి.

డ్యూటీకి ఫోన్ చేసి "జ్వరమొచ్చింది" అని అబద్ధమాడడం. అది తోడుండడం కాదు, తాగుడుకు వీలు చేసి పెట్టడం. అతని ఫోన్ అతనే చేసుకోవాలి.

కట్టేసి, కొట్టి మాన్పిస్తామనే చోట్ల పడేయడం. చేర్చేముందు డాక్టర్ రోజూ ఉంటాడా, ఇంటివాళ్లను చూడనిస్తారా అని అడగండి. రెండోదానికి "లేదు" అంటే వెనక్కి రండి.

చెయ్యి చేసుకునే మనిషి దగ్గర ఈ మెట్లేవీ మొదలుపెట్టకండి. ముందు మీరు, పిల్లలు క్షేమంగా ఉండే చోటు చూసుకోండి, 181కు గానీ 112కు గానీ చెప్పండి. తోడుండడమంటే దెబ్బలు తినడం కాదు.

బయటి తోడు

ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే గుంపు 1935లో అమెరికాలో మొదలైంది. ఫీజు లేదు, పేరు బయటపెట్టరు, అందరూ తాగి బయటపడుతున్నవాళ్లే. మీలాంటి ఇంటివాళ్లకు అల్-అనాన్ అని వేరే గుంపు ఉంది. దగ్గర్లో ఎక్కడ కూర్చుంటున్నారో 14446కు ఫోన్ చేసి అడగండి. ఊరికి దూరమైతే ఫోన్‌లో కూర్చునే సమావేశాలూ ఉన్నాయి. ఒక్కసారి పోయి "నచ్చలేదు" అనేవాళ్లు ఎక్కువ. కనీసం నాలుగు సార్లు పోయాక తేల్చుకోమనండి. ఈ గుంపు పూర్తిగా మానడం మీదే నడుస్తుంది, తగ్గించడం మీద కాదు. అది ముందే చెప్పి పంపండి.

పనిచేస్తోందా అని చూసుకోవడం

నోరు వాసన కొలత కాదు. ప్రతి ఆదివారం నాలుగు అంకెలు రాయండి: వారంలో మొత్తం పాయింట్లు, పొడి రోజులు, మందుకు పోయిన రూపాయలు, రాత్రి తొమ్మిదిలోపు ఇంటికి వచ్చిన రోజులు. రోజూ క్వార్టర్ అంటే వారానికి 42 పాయింట్లు. ఆరు వారాలకు అది 21 లోపుకు వచ్చి, రెండు పొడి రోజులు నిలబడితే ఏర్పాటు పనిచేస్తున్నట్టు. అంకె కదలకపోయినా, తగ్గి మళ్లీ పాత చోటికి వచ్చినా తగ్గించడం ఈయనకు కుదరదని అర్థం. అది మీ ఓటమి కాదు. డాక్టర్ దగ్గర పూర్తిగా మానే దారి పట్టించండి. లివర్ పాడైనవాళ్లకు, గర్భంతో ఉన్నవాళ్లకు, డ్యూటీలో బండి నడిపేవాళ్లకు మొదటి నుంచీ ఆ దారే.

మొదట్లో ఒకసారి, మూడు నెలలకు ఒకసారి లివర్ పరీక్షతోపాటు జీజీటీ అనే రక్త పరీక్ష చేయించి, బీపీ చూపించండి. తాగుడు నిజంగా తగ్గితే జీజీటీ నెలా రెండు నెలల్లో దిగుతుంది. ఆ కాగితం పెద్దమనిషి చేత చదివించండి, మీరు చదివితే దెప్పినట్టుంటుంది.

మూడు నెలలు నిలబడ్డాక రోజువారీ ఫోన్‌ను వారానికి రెండుకు దించవచ్చు, లెక్క రాయడం అతనికే అప్పజెప్పవచ్చు. పత్తి పైసలు వచ్చే వారం, దసరా వారం, మాల తీసే వారం మాత్రం ఫోన్ మళ్లీ రోజూ ఆరింటికి మోగాలి.